ముద్దలో మాత్ర

"తల పైకెత్తొద్దురా, ముందుకు వంచు! గొంతులోకి పోతాది!"

అనసూయమ్మ కేకకు ప్రమోద తడిగుడ్డ పట్టుకుని వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. లక్ష్మీకాంత్ మగ్గం గుంతలోంచి ఇంకా పైకి రాలేదు. కాళ్లు గుంతలోనే ఉన్నాయి. నడుము పక్కకు తిప్పి, ముక్కు కింద రెండు చేతులూ దోసిలి పట్టి కూర్చున్నాడు. దోసిట్లో రక్తం. ఒంటి మీద పడితే పడనీ, మగ్గం మీది చీరకు అంటకూడదన్నదే అతని తాపత్రయమంతా.

అది ముహూర్తం చీర. తెల్లటి పట్టు, ఎర్రంచు. ఇంకో మూర నేస్తే మగ్గం నుంచి కోసేస్తారు. ఎంత కాచుకున్నా ఒక్క చుక్క జారి, అంచుకు జానెడు ఇవతల పడనే పడింది.

ప్రమోద దాన్ని చూస్తూ నిలబడిపోయింది. ధర్మవరం కాపురానికి వచ్చినప్పటి నుంచి ఆమె ఎర్రపట్టు మధ్యనే బతికింది. రంగుబానల్లోంచి పొగలు కక్కుతూ తేలే ఎరుపులన్నీ ఎరుగును. ఏ బానలోనూ ఇంత ఎరుపు చూడలేదు. ఇంతటి రంగును లోపల దాచుకుని మనిషి ఎట్లా మామూలుగా తిరుగుతాడు, బేరాలాడతాడు, చారు ఉప్పగా ఉందని అలుగుతాడు?

"చూస్తా నిలబడినావేంటికి మ్మే? గుడ్డ ఇటియ్యి!" అత్త గుడ్డ లాక్కుని కొడుకు ముక్కుకు అదిమింది.

"ఎంతసేపాయె అత్తా?"

"వాన్నే అడుగు. పొద్దున పండ్లు తోముకుంటాంటే చిగుళ్లలోంచి గూడా వచ్చిందంట. నాకు చెప్పలా."

"ఈ దినం కాదులేమ్మా, నాలుగు దినాల నుంచీ వస్తాండాది," గుడ్డలోంచి గొణిగాడు లక్ష్మీకాంత్. "ఎండలు ముదిరినాయి. వేడి చేసింటాది. రెండు గ్లాసులు మజ్జిగ తాగితే అదే పోతాది."

"వేడీ కాదు, గీడీ కాదు." లక్ష్మీకాంత్ తమ్ముడు మంజునాథ్ వాకిట్లోంచి నేరుగా లోపలికి వచ్చాడు. చేతిలో ఫోను, కాళ్లకు చెప్పులు.

"చెప్పులిడ్సి రారా, మగ్గం కాడికి!" అంది తల్లి.

అతను చెప్పులు విడిచాడు గానీ ఫోను దించలేదు. "నేను మొన్నటి నుంచీ చెప్తాండా, ఎవరన్నా విన్యారా? ఇది ఆ కరోనా సూదే. గిరి బావ పోయి నెల కాలేదు. ఇప్పుడు అన్న వంతొచ్చింది."

ఇల్లంతా మాట పడిపోయింది. ఆ నిశ్శబ్దంలో అనసూయమ్మ రొమ్ములోంచి టిక్కు టిక్కుమని చప్పుడు వినవచ్చింది. ఎనిమిదేళ్ల కిందట బెంగళూరులో ఆమె గుండెకు లోహపు కవాటం వేశారు. ఆ ఇంటికి కొత్తగా వచ్చినవాళ్లు గోడగడియారం ఎక్కడుందా అని తలెత్తి వెతుకుతారు. ప్రమోదకు అది అలవాటైన చప్పుడే. అయినా ఇల్లు సద్దుమణిగినప్పుడల్లా చెవి అటు పోతుంది. లోహం లోపల కూర్చుని ఒక ముసలిమనిషిని బతికిస్తోందే అని ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

"గిరి పేరు ఇప్పుడేంటికి?" అన్నాడు లక్ష్మీకాంత్.

"ఏంటికంటే, ఇద్దరిదీ ఒకే సీసా గాబట్టి! మీరు అత్తగారింటికి పోయినప్పుడు పెనుకొండ బళ్లో క్యాంపు పెట్టిన దినం గుర్తు లేదా? పదిమంది జమైతే గానీ సీసా తెరవనని నర్సమ్మ కూచోబెట్టె. తొమ్మిదిమందే ఉంటిరి. వాలీబాల్ ఆడుకుంటాన్న మనిషికి నువ్వే గదన్నా ఫోన్ చేసి, 'రా బామ్మర్దీ, పదోవాడు తక్కువైనాడు' అని పిలిపించింది?"

లక్ష్మీకాంత్ గుడ్డ మడత తిప్పి పొడి పక్క ముక్కుకు పెట్టుకున్నాడు.

గిరి ప్రమోద తమ్ముడు. ముప్పై ఆరేళ్లవాడు. పెనుకొండలో తన ఇంటి మెట్లు దిగుతూ దిగుతూ కూర్చుండిపోయి, మళ్లీ లేవలేదు. సూది వేసిన దినం ప్రమోద కూడా ఆ పదిమందిలో ఒకతే. అదే సీసా, అదే వరస. ఆ సంగతి మంజునాథ్ ఎత్తలేదు. ఆమెకూ తోచలేదు.

"ఇట్ల తిరుగన్నా, ఈ రక్తం వీడియో తీసి పెడతా. పదిమందికీ తెలియాల."

"తీసినావంటే ఫోను పగలగొడతా."

"పగలగొట్టు. నిజం పగులుతాదా?"

"ఇద్దరూ నోరు మూసుకుంటారా లేదా?" అనసూయమ్మ మోకాళ్ల మీద చేతులాన్చి లేచింది. "ఈ దినం బేస్తవారం. మా డాక్టరమ్మ హిందూపురానికి వస్తాది. నా గుండె చూసే మనిషి వీని గుండె చూడలేదా? నడవండి, ప్యాసింజరు దొరుకుతాది. అమ్మే, చీర మీద ఉతికిన గుడ్డ కప్పు."

ప్రమోద గుడ్డ కప్పింది. చుక్క కనపడకుండా పోయింది. ఆ చేతులు దాచినది ఇంకొకటి ఉంది. దాని సంగతి ఆమెకొక్కదానికే తెలుసు.

గిరి పెద్దకర్మ అయిన మర్నాడు మంజునాథ్ ఆమెకు ఫోనులో ఒకటి చూపించాడు. ఎవరో తెల్లకోటు మనిషి మాట్లాడుతున్నాడు. సూది వేయించుకున్నవాళ్ల నెత్తురు లోలోపలే గడ్డలు కడుతుందట. ఏదో ఒక దినం గుండెకు అడ్డం పడుతుందట. కళ్లముందు తమ్ముడి మెట్లు కదిలాయి. ఆ తెల్లవారే అత్తకు మాత్ర అందిస్తుంటే ప్రమోదకు దీపం వెలిగినట్టయింది. నెత్తురు గడ్డకట్టకుండా కాచే మాత్ర ఇంట్లోనే ఉంది కదా! అత్త కవాటాన్ని ఇన్నేళ్లూ కాచింది ఇదే. ఒక గుండెను కాచేది ఇంకో గుండెను కాయదా?

మందులు తెచ్చేది ఎప్పుడూ ఆమే. అంగడివాడు అత్త చీటీ చూసి, అడిగినన్ని ఇచ్చాడు.

చెబితే లక్ష్మీకాంత్ మింగడు, నవ్వుతాడు. అందుకని రాగిసంగటిలో పెట్టింది. సంగటిని ఎవరూ నమలరు, మింగుతారు. మధ్యాహ్నం కంచం ముందు కూర్చోగానే వేడి ముద్దలోంచి చిన్న తునక తుంచి, మాత్ర లోపలికి ఒత్తి, ఊరిబిండి పచ్చడి అద్ది, "ఉప్పు సరిపోయిందా చూడు" అని చేతికిచ్చేది. అతను గుటుక్కున మింగి, "సరిపోయింది" అనేవాడు. ఆమె ఆ గొంతుకాయ కిందికి దిగి పైకి లేవడం చూసి, తమ్ముడికి చేయలేనిది మొగుడికి చేశానని ఊపిరి పీల్చుకునేది.

* * *

రైల్లో కిటికీ పక్కన లక్ష్మీకాంత్‌ను కూర్చోబెట్టారు. రక్తం నిలిచింది. ముక్కు కింద గీతలా ఎండింది. మంజునాథ్ తలుపు దగ్గర నిలబడి ఫోను చూసుకుంటున్నాడు.

పెనుకొండ దగ్గరపడింది. కొండ అల్లంత దూరం నుంచే లేచి నిలబడింది. పుట్టి పెరిగిన ఊరి కొండే అయినా ప్రమోద దాన్ని ఎప్పుడు చూసినా మొదటిసారి చూసినట్టే చూస్తుంది. గుండు మీద గుండు, ఏ చేయి పేర్చిందో తెలియదు. ఏ క్షణాన జారుతుందో అన్నట్టు ఉంటుంది. అమ్మమ్మ కాలం నుంచి ఒక్కటీ జారలేదు. గిరి తెల్లవారుజామున ఆ కొండ ఎక్కి దిగి వచ్చేవాడు, చెమట కూడా పట్టేది కాదు. కొండ దిగినవాడు తొమ్మిది మెట్లు దిగలేకపోయాడు. ఇందులో న్యాయమేమిటని ఆమె కొండనే అడిగింది. అంత పెద్దది ఎదురుగా నిలబడి ఏమీ చెప్పకపోతే, మనిషి అడగడం మానేసి చూస్తూ ఉండిపోవాల్సిందే.

"నాకు మొదట్లో ఇట్లనే అయింది," అంది అనసూయమ్మ, ఎవరితోనో చెబుతున్నట్టు.

ప్రమోద తిరిగింది. "ఏమి అయింది అత్తా?"

"ఇదే. ముక్కు, చిగుళ్లు. ఆపరేషనైన కొత్తల్లో. నువ్వప్పుడు పుట్టింట్లో ఉంటివిలే. మాత్ర ఎక్కువైందన్నారు. నెత్తురు నీళ్లయిపోతాదంట. తల లోపల కారిందంటే మనిషే దక్కడని తిట్టినారు. అప్పట్నుంచే గదా నాకు నెలనెలా పరీక్ష." పెద్దామె నిట్టూర్చింది. "నాకంటే మాత్ర ఉండె. వీనికేముండాది, పాపం!"

రైలు పెనుకొండ స్టేషన్లో ఆగింది.  తల లోపల కారిందంటే. ఆ మాట ఒక్కటే ప్రమోదను పట్టుకుంది.

ఎదురుగా మొగుడు కిటికీ చువ్వకు తల ఆన్చి కొండకేసి చూస్తున్నాడు. ఆ తల లోపల ఇప్పుడే ఏదైనా కారుతోందేమో! బతికించాలని తన చేత్తో తుంచిన ముద్దలే...

"ఏమయ్యా," అంది.

"ఊఁ?"

"తల నొప్పిగా ఉండాదా?"

"లేదు. నీకు ఉండేట్టుండాది, మొగం చూస్తే."

చెప్పేయాలి. ఇప్పుడే. నాలుక పైకి లేచింది. అత్త చూస్తోంది, మంజునాథ్ ఇటే వస్తున్నాడు. రైలు కదిలింది. ఆమె మాట కదల్లేదు.

* * *

డాక్టరమ్మ కంఠం మెత్తన, చూపు పదును. అనసూయమ్మను చూసి, "ఈ నెల మీ వంతు కాదే!" అంది.

"నాది కాదమ్మా, నా కొడుకుది. నాది గడియారం, నువ్వు కీ ఇచ్చినావు, పోతాండాది. వీనిది ఎట్లుండాదో చూడు."

ముక్కు సంగతి విని రక్తం తీయించి పరీక్షకు పంపింది డాక్టరమ్మ. ఆ తరువాత గుండె చూడాలని లక్ష్మీకాంత్‌ను పక్కకు తిప్పి పడుకోబెట్టింది. రొమ్ముకు చల్లటి జిగురు పూసి, చేతిలోని పరికరాన్ని పక్కటెముకల మధ్య ఆన్చింది. అక్కడి తెర మీద మసక మసకగా ఏదో మెదిలింది.

"మీరూ చూడండి," అని తెరను ప్రమోద వైపు తిప్పింది.

నల్లటి దాంట్లో తెల్లటి రెక్కలు రెండు. తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి. గాలికి కొట్టుకునే తలుపుల్లా కాదు, ఎవరో లోపల నిలబడి ఒక్కొక్కరినీ పిలిచి పంపుతున్నట్టు. తెరుచుకోవడంలో తొందర లేదు, మూసుకోవడంలో ఆలస్యం లేదు.

"ఇదేనామ్మా?" ప్రమోద గొంతు గుసగుస అయింది.

"ఇదే. మీ ఆయన గుండె."

పద్దెనిమిదేళ్లుగా ఆ రొమ్ము పక్కనే పడుకుంది. దాని మీద తల పెట్టి ఏడ్చింది, కోపమొస్తే అరచేత్తో నెట్టింది. లోపల ఇది ఉందని వినడమే గానీ ఎరగదు. వాళ్లు పోట్లాడుకుని మాట్లాడుకోని దినాల్లో కూడా ఇది ఇట్లాగే తెరుచుకుంటూ ఉందన్నమాట. గిరిని మోసుకుపోయిన దినమూ ఇట్లాగే. ఎవరూ చెప్పలేదు, ఎవరూ చూడలేదు, ఎవరూ బాగుందనలేదు. ఆమె తనకు తెలియకుండానే చేతులు జోడించింది.

లక్ష్మీకాంత్ పడుకునే మెడ తిప్పాడు. "ఇది నాదేనా డాక్టరమ్మా?"

"మీదే."

"అమావాస్యకు మేము మగ్గం ముట్టం. ఇది అమావాస్యకు గూడా ఆపలేదా?"

"ఆపింటే మీరు ఈ మాట అడిగేవారు కాదు." డాక్టరమ్మ నవ్వింది. "బాగుంది. వాపు లేదు, అడ్డం లేదు. చక్కగా కొట్టుకుంటోంది."

అనసూయమ్మ అక్కడే కుర్చీలో కూలబడి కొంగుతో కళ్లొత్తుకుంది. మంజునాథ్ మాత్రం వదల్లేదు.

"మరి రక్తం ఏంటికి వచ్చిందమ్మా? కరోనా సూది వల్లేనని ఊరంతా చెప్తాండారు. వీళ్ల బామ్మర్ది అట్లనే పోయె. ఒకే సీసా."

"ఆ సూది వల్ల ఎవరికీ ఏమీ కాలేదని నేను చెప్పను," అంది డాక్టరమ్మ. "ఎక్కడో లక్షల్లో ఒకరికి నెత్తురు గడ్డకట్టింది. కొందరికి గుండె వాచింది. అదీ సూది వేసిన కొన్ని వారాల లోపల. ఇన్నేళ్లకు కాదు. ఆ అబ్బాయికి పోస్టుమార్టం చేయించినారా?"

"లేదు."

"అయితే ఎందుకు పోయినాడో నాకూ తెలీదు, నీకూ తెలీదు. ఫోన్లో మాట్లాడేవాళ్లకు అసలే తెలీదు."

అంతలో నర్సు వచ్చి పరీక్ష కాగితం చేతికిచ్చింది. డాక్టరమ్మ చూసింది. నవ్వు పోయింది.

"ఇది అనసూయమ్మగారి రక్తం కాదు కదా?"

"కాదు మేడం. ఇప్పుడే ఈయనకే తీసినాము."

డాక్టరమ్మ కాగితం బల్ల మీద పెట్టింది. "నెత్తురు గడ్డకట్టే గుణం బాగా పడిపోయింది. ఏం మాత్రలు వాడుతున్నారు?"

"ఏమీ లేవమ్మా," అన్నాడు లక్ష్మీకాంత్ నేల చూస్తూ. "తలనొప్పికి గూడా మింగను."

"సరిగ్గా గుర్తు చేసుకోండి."

"లేదమ్మా."

"మాత్ర కాకపోతే కాలేయంలోనో ఎముకల మూలుగులోనో పెద్ద జబ్బే ఉండాలి. ఈ దినమే బెంగళూరు పంపిస్తాను. అక్కడ మూలుగు తీసి చూస్తారు."

"అమ్మా, ఆ మాట ఇంగొకసారి చెప్పండి." మంజునాథ్ ఫోను ఎత్తాడు. "పెద్ద జబ్బని."

తెర మీద ఇంకా ఆ బొమ్మ ఆగి నిలిచి ఉంది, రెక్కలు తెరుచుకున్నచోటే. ప్రమోద దాన్ని చూసింది.

"నేను పెట్టినా," అంది.

ఎవరికీ అర్థం కాలేదు.

"అత్త మాత్ర. సంగట్లో పెట్టి ఆయనకిచ్చినా. గిరి పెద్దకర్మ అయినప్పట్నుంచి, దినాం."

మంజునాథ్ ఫోను దిగింది. అనసూయమ్మ కుర్చీలోంచి లేచింది.

"నా మాత్రనా? వానికా? రైల్లో అంత చెప్తినే, అప్పుడన్నా నోరిప్పలేదేమ్మే? పెద్ద డాక్టరువైపోయినావా నువ్వు?"

"గడ్డ కడతాదంటే భయపడితి అత్తా. నిన్ను కాచింది గదా, ఆయన్నీ కాస్తాదనుకుంటి."

"కాచినావులే! కాటికి దారి కాచినావు!"

"అమ్మా, ఆపు." లక్ష్మీకాంత్ మంచం మీద లేచి కూర్చున్నాడు. రొమ్ము మీద జిగురు ఇంకా మెరుస్తోంది. "నాకు తెలుసు."

ప్రమోద తలెత్తింది.

"తెలుసంటే?"

"దినాం ఉప్పు చూడమంటాంటివి. పద్దెనిమిదేండ్లలో ఎప్పుడన్నా నన్ను ఉప్పు చూడమన్యావా నువ్వు? ఉప్పు లేదంటే 'తిని లెయ్' అనే మనిషివి." అతను నవ్వబోయి మానుకున్నాడు. "రెండో దినమే నాలుక్కి తగిలింది. మింగేసినా."

"ఏంటికి మింగినావు? నన్ను అడగచ్చు గదా?"

"అడిగితే మానేస్తావేమోనని."

అతను రొమ్ము మీది జిగురును అరచేత్తో తుడుచుకున్నాడు.

"పదోవాడు తక్కువైనాడని వాన్ని పిలిచింది నేను," అన్నాడు.  "ఆటలో ఉండాను బావా, రేపొస్తానంటే, 'ఇప్పుడే రా, నీ ఒక్కని కోసం తొమ్మిదిమంది కూచోనుండారు' అంటి. వాడు పోయినప్పట్నుంచి ఎడమపక్క ఏమన్నా చిన్న నొప్పొస్తే చాలు, ఇంగ నా వంతే అనుకుంటాండా. పైకి మాత్రం మంజును ఎగతాళి చేస్తాంటి. నువ్వు ఎవరినో డాక్టరును అడిగే పెడతాండావనుకున్యా."

"నేనెవరిని అడుగుతా? నీకు చెప్తేనే నవ్వుతావని భయపడితి."

"నీదీ అదే సీసా గదే. నీ ముద్దలో పెట్టుకున్యావా?"

ప్రమోద ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది. "లేదు."

"ఏంటికి?"

"నాకు... గుర్తే రాలేదు."

లక్ష్మీకాంత్ ఆమెను చూస్తూ ఉండిపోయాడు, ఇందాక ఆమె తెరను చూసినట్టు. మంజునాథ్ ఫోను జేబులో పెట్టుకుని గోడవైపు తిరిగాడు.

డాక్టరమ్మ గొంతు సవరించుకుంది. "ఇప్పుడు నాకు దారి తెలిసింది. మాత్ర ఈ క్షణం నుంచే బంద్. బెంగళూరు అక్కర్లేదు. రెండు దినాలు ఇక్కడే ఉండాలి, తలకు స్కానింగు చేయాలి. ముందు ఒక ఇంజెక్షన్ వేస్తాను, దానికి విరుగుడు."

నర్సు ట్రే తెచ్చింది. లక్ష్మీకాంత్ పైకి మడిచిన చొక్కా చేయిని మణికట్టు దాకా కిందికి లాక్కున్నాడు.

"సూది వొద్దమ్మా."

"ఇందాక రక్తం తీస్తే ఊరుకున్నారు కదా?"

"తీస్తే తీసుకోండి, ఎంతైనా. లోపలికి వొద్దు. ఏదన్నా ఉంటే మాత్ర ఇయ్యి."

"మాత్ర మెల్లగా పనిచేస్తుంది. అంత వ్యవధి లేదు. ఇది ఆ సూది కాదు. నెత్తురు గడ్డకట్టేటట్టు చేసే మందు, అంతే."

"గడ్డ కట్టించేదా!" అనసూయమ్మా లక్ష్మీకాంతూ ఒక్కసారే అన్నారు.

"తగినంత కట్టాలి. అస్సలు కట్టకపోతే..." డాక్టరమ్మ మాట పూర్తి చేయలేదు. అతని ముక్కు చివర మళ్లీ ఒక ఎర్రటి చుక్క ఊరి, పెదవి మీదికి జారింది. లక్ష్మీకాంత్ చేత్తో తుడుచుకుని, ఆ చేతినే చూసుకున్నాడు.  ఇన్నాళ్లూ తమ్ముణ్ని ఎగతాళి చేసిన మనిషి కళ్లలో బెదురు, దాచుకోవడానికి చోటు లేక బయటికే వచ్చి నిలబడింది.

"ప్రమోదా," అన్నాడు. "నువ్వు పెట్టింది ఏందని అడక్కుండా మింగినా. ఇదీ నువ్వు వేసుకోమంటే వేసుకుంటా. వొద్దంటే వొద్దు. చెప్పు."

అత్త చూస్తోంది. డాక్టరమ్మ చూస్తోంది. నర్సు దూదితో నిలబడింది.

ఇన్ని దినాలూ ప్రమోద అతన్ని అడక్కుండా పెట్టింది. ఇప్పుడు అతనే అడుగుతుంటే, ఆమె మణికట్టు దాకా దిగిన అతని చొక్కా చేయిని మళ్లీ పైకి మడిచింది.